మూలధనం ఒకరిది, శ్రమ ఒకరిది: వ్యాపారంలో గెలుపును కొలిచే రెండు కొలతలు

2023 జూలైలో సోమల మండలం పేరు పత్రికలకెక్కింది. అక్కడి ఒక రైతు కుటుంబం 22 ఎకరాలలో టమాటా పండించి, కోలారు మార్కెట్టుకు దాదాపు 40 వేల పెట్టెలు తరలించి, నాలుగు కోట్ల రూపాయల దాకా అమ్మకం చేసిందని ఆ వార్త. పెట్టె అంటే పదిహేను కిలోలు. ఆ రోజుల్లో పెట్టె ధర వెయ్యి రూపాయలు దాటి పలికింది. నారు, డ్రిప్పు, కూలి, లారీ బాడుగ, మండీ కమీషను కలిపి సుమారు కోటి రూపాయలు ఖర్చయిందనీ, మూడు కోట్లు మిగిలిందనీ ఆ కథనాలు లెక్క చెప్పాయి. కొన్ని వారాలు తిరిగేసరికి టమాటా ధర నేలకు దిగింది. ఆ సంగతి మాత్రం అంత దూరం పోలేదు.

ఇటువంటి వార్తను ఇద్దరు మనుషులు రెండు విధాలుగా చదువుతారు. చేతిలో పని ఉండి డబ్బు లేనివాడు "నాకెవరైనా పెట్టుబడి పెడితే నేనూ నిలదొక్కుకోనా?" అనుకుంటాడు. చేతిలో డబ్బు ఉండి పని చేయలేనివాడు "ఐదు లక్షలు పెడితే ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది?" అనుకుంటాడు. ఇద్దరూ కలిసి వ్యాపారం మొదలుపెడతారు. 'లాభం', 'గెలుపు' అనే మాటలను ఇద్దరూ వాడతారు కనుక ఇద్దరి మనసులోనూ ఒకే అర్థం ఉన్నదని భ్రమపడతారు. తగాదాకు విత్తనం అక్కడే పడుతుంది. పడమటి మండలాలలో ఈ ఇద్దరూ సాధారణంగా పరాయివారు కారు. ఒకరు కువైట్‌లో పదేళ్ళు కష్టపడి కూడబెట్టిన మేనమామ అయితే, మరొకరు మదనపల్లె మార్కెట్టులో సరుకు కొని లారీలకెత్తించే మేనల్లుడు. లెక్క చెడితే రూపాయలతో పాటు పెళ్ళి పేరంటాలకు రాకపోకలూ పోతాయి.

ఈ విభేదం కొత్తది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు దీనిని పన్నెండు వందల ఏళ్ళ క్రితమే క్షుణ్ణంగా పరిశీలించారు. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిసే వ్యాపారానికి ఇరాక్ ప్రాంతంలో 'ముజారబత్' అనీ, హిజాజ్‌లో 'ఖిరాజ్' అనీ పేరు. ధనం పెట్టేవాడు రబ్బుల్ మాల్, పనిచేసేవాడు ముజారిబ్. ఇస్లాంకు పూర్వమే అరబ్బులలో ఈ పద్ధతి ఉండేది. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ దౌత్యానికి ముందు హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో షామ్ దేశానికి వర్తకానికి వెళ్ళిన విషయం పాఠకులకు తెలిసినదే. ఆ మహిళ పెట్టుబడిదారు. ఆయన ఆ పెట్టుబడిని మోసుకువెళ్ళిన వ్యాపారి. లాభమెంత తెచ్చాడన్నది ఆమె చూసింది. ఎలా తెచ్చాడన్నది కూడా చూసింది. తన సేవకుడు మైసరాను ఆమె వెంట పంపింది ఊరకే కాదు.

ఇద్దరి చూపులోని తేడా

పనిచేసేవాడికి వ్యాపారం నిలబడటమే మొదటి గెలుపు. లారీ రోజూ కదలాలి, చెన్నై మండీవాడు తన పేరు గుర్తుపట్టాలి, రైతు తన మాట నమ్మి సరుకు వేయాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి. రెండు లోడ్లలో నష్టం వచ్చినా మూడవ లోడుకు తనను పిలిచారంటే అతని దృష్టిలో వ్యాపారం బాగానే సాగుతున్నట్లు. ఈ పేరు, ఈ పరిచయాలు అతని ఆస్తి. అవి ఏ చిట్టాలోనూ కనిపించవు.

ధనం పెట్టినవాడికి ఇవేవీ కనిపించవు. అతనికి కనిపించేది రెండే: పెట్టిన సొమ్ము భద్రంగా ఉందా, దాని మీద ఎంత పెరిగింది? అదే సొమ్ముతో మదనపల్లెలో ఒక ఇంటిస్థలం కొని ఉంటే ఎంతయ్యేదన్న ఆలోచన అతని మనసులో ఎప్పుడూ ఉంటుంది. కనుక వ్యాపారి "సంవత్సరమంతా నిలబడ్డాం" అని సంతోషపడే చోట, పెట్టుబడిదారుడు "సంవత్సరం వృథా అయింది" అని బాధపడతాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు.

నేటి పెద్ద నగరాలలో వెంచర్ పెట్టుబడిదారులని పిలువబడేవారిలోనూ ఇదే తేడా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. వారి నిధికి సాధారణంగా పదేళ్ళ గడువుంటుంది. పది సంస్థలలో ఏడెనిమిది పోయినా ఒకటి రెండు ఆకాశానికి ఎగిస్తే వారి లెక్క సరిపోతుంది. సంస్థ స్థాపించినవాడికి మాత్రం ఉన్నది ఆ ఒక్కటే. నెమ్మదిగా, లాభంగా నడిచే చిన్న సంస్థ అతనికి గెలుపు. ఆ నిధికి అది నిరుపయోగం. పది బుట్టల్లో గుడ్లు పెట్టినవాడికీ, తానే ఒక గుడ్డయినవాడికీ నష్టం ఒకే రకంగా ఎలా కనిపిస్తుంది?

షరీఅత్ ఈ రెండు చూపులలో ఒకదాన్ని ఒప్పు, ఒకదాన్ని తప్పు అనలేదు. రెండింటినీ ఒకే తాడుతో కట్టింది. ముజారబత్‌లో లాభం నిష్పత్తిగానే ఉండాలి: సగం సగం గానీ, మూడింట రెండు వంతులు ఒక వంతు గానీ. "నెలకు ఇంత" అని ఏ ఒక్కరికైనా నిర్ణీత మొత్తం రాసుకుంటే ఆ ఒప్పందం చెల్లదన్న విషయంలో ఫుఖహాలందరిదీ ఏకాభిప్రాయం. నష్టం వస్తే అది ధనం మీద పడుతుంది. శ్రమించినవాడు తన శ్రమను కోల్పోతాడు. అతడు అమానతుదారు గనుక నిర్లక్ష్యం చేసినా, షరతు మీరినా తప్ప సొమ్ముకు పూచీపడడు. మూలధనానికి గ్యారంటీ ఇవ్వాలన్న షరతు చెల్లదు. దానివలన మొత్తం ఒప్పందమే చెల్లకుండా పోతుందా అన్న విషయంలో మాత్రం మజ్‌హబుల మధ్య అభిప్రాయభేదం ఉంది.

బస్రా నుండి మదీనాకు

ఈ చర్చకంతటికీ మూలమైన ఒక సంఘటనను ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ 'మువత్తా'లో నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలం. ఆయన కుమారులు అబ్దుల్లాహ్, ఉబైదుల్లాహ్ ఒక సైన్యంతో ఇరాక్ వెళ్ళి తిరిగివస్తూ బస్రాలో ఆగారు. అక్కడి గవర్నరు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) వారికేదైనా మేలు చేయదలచారు. బైతుల్ మాల్ సొమ్ము కొంత మదీనాకు పంపవలసి ఉన్నది. దానిని వారికి అప్పుగా ఇచ్చి, ఇరాక్ సరుకు కొని మదీనాలో అమ్ముకొమ్మనీ, అసలు ఖలీఫాకు అప్పగించి లాభం ఉంచుకొమ్మనీ చెప్పారు. వారు అలాగే చేశారు, లాభమూ వచ్చింది.

సంగతి తెలిసి ఖలీఫా ఒకే ప్రశ్న వేశారు: సైన్యంలో అందరికీ ఇలాగే అప్పు ఇచ్చాడా? లేదు. అయితే మీరు ఖలీఫా కొడుకులు గనుకనే ఇచ్చాడు. అసలూ లాభమూ రెండూ చెల్లించండి అన్నారు. అబ్దుల్లాహ్ మౌనంగా ఉండిపోయారు. ఉబైదుల్లాహ్ మాత్రం వాదించారు: దారిలో సొమ్ము తగ్గినా, నశించినా పూచీ మాదే కదా, అటువంటప్పుడు లాభం మాది కాకుండా ఎలా పోతుంది? ఖలీఫా పట్టు వదలలేదు. చివరికి సభలో ఒకరు దీనిని ఖిరాజ్‌గా పరిగణించవచ్చు కదా అని సూచించారు. ఆయన అంగీకరించి అసలునూ, లాభంలో సగాన్నీ ఖజానాకు తీసుకున్నారు. మిగతా సగం కుమారులకు దక్కింది.

ఇక్కడ ఉబైదుల్లాహ్ వాదం తీసిపారేయవలసినది కాదు. ఆదాయం పూచీని అనుసరించి ఉంటుందన్న సూత్రం హదీసు గ్రంథాలలోనే ఉన్నది. కష్టపడ్డదీ, ప్రమాదాన్ని భుజాన వేసుకున్నదీ ఆయన. అయితే ఖలీఫా చూసినది వేరొక విషయం: ఆ సొమ్ము అసలు వారి చేతికి ఎలా అందింది? వ్యాపారి తన గెలుపును తన చాతుర్యం ఖాతాలో రాసుకుంటాడు. పెట్టుబడి దొరకడమనే భాగ్యాన్ని ఆ ఖాతాలో చూపడు. పెట్టుబడిదారుడేమో తన డబ్బే అంతా చేసిందనుకుంటాడు. ఎడారి దారిని లెక్కలోకి తీసుకోడు. సగం సగం అన్న తీర్పు ఈ రెండు మరపులనూ సరిచేసింది. పెట్టుబడికీ శ్రమకూ నడుమ ఇంత స్పష్టంగా గీత గీసిన సంఘటన చరిత్రలో అరుదు. ఐరోపాలో జెనోవా, వెనిస్ వర్తకులు 'కొమెండా' అన్న ఇటువంటి పద్ధతినే వాడి సముద్ర వ్యాపారం సాగించింది దీనికి కొన్ని శతాబ్దాల తరువాత.

లాభం ఎప్పుడు లాభమవుతుంది?

మేనమామ, మేనల్లుళ్ళ ఉదాహరణకే వద్దాం. మామ ఐదు లక్షలిచ్చాడు, లాభం చెరిసగం. అల్లుడు మదనపల్లెలో టమాటా కొని చెన్నైకి పంపుతాడు. మొదటి మూడు నెలల్లో లక్షన్నర నష్టం వచ్చింది. తరువాతి మూడు నెలల్లో రెండు లక్షల లాభం వచ్చింది. అల్లుడు తన వాటా లక్ష అంటాడు: లాభం వచ్చిన కాలంలో తాను రాత్రింబవళ్ళు నిద్ర మానాడు కదా! మామ లెక్క వేరు. ఐదు లక్షలు ముందు పూడాలి, ఆ తరువాతనే లాభం అంటాడు.

ఫుఖహాల సూత్రం ప్రకారం లాభం మూలధనానికి కంచె. ఒకే ఒప్పందం కొనసాగుతున్నంత కాలం ముందు వచ్చిన నష్టాన్ని తరువాత వచ్చిన లాభం పూడ్చాలి. కనుక పంచవలసినది యాభై వేలే. తలా ఇరవై ఐదు వేలు. అయితే మొదటి మూడు నెలలు ముగియగానే సరుకంతా నగదు చేసి, లెక్క తేల్చి, మిగిలిన మూడున్నర లక్షలు మామకు అప్పగించి, మళ్ళీ కొత్త ఒప్పందంతో అదే సొమ్ము తీసుకొని ఉంటే? అప్పుడు రెండు లక్షలూ లాభమే; అల్లుడికి లక్ష దక్కుతుంది, పాత నష్టం మామదే. అంటే ఒకే వ్యాపారం, ఒకే అంకెలు. లెక్క ఎప్పుడు కట్టారన్న దాన్నిబట్టి వ్యాపారి గెలిచాడో లేదో తేలుతుంది. ఈ ఒక్క విషయం ముందుగా మాట్లాడుకోనందువల్లనే సగం తగాదాలు వస్తున్నాయనడం అతిశయోక్తి కాదు.

సరుకును నగదు చేసి లెక్క తేల్చడాన్ని శాస్త్రంలో 'తన్‌జీజ్' అంటారు. గోదాములో ఉన్న సరుకు మీద, చెన్నై మండీవాడు రేపు ఇస్తానన్న బాకీ మీద లాభం పంచుకోవడానికి వీలులేదు. బాకీల మాటకొస్తే, షరతు ఏదీ లేకపోతే వర్తకుల ఆనవాయితీ మేరకు ముజారిబ్ అరువుకు అమ్మవచ్చునని హనఫీలు, అనుమతి లేకుండా అమ్మరాదని షాఫయీలు అన్నారు. అరువు అనేది వ్యాపారికి ఖాతాదారును సంపాదించే మార్గం; పెట్టుబడిదారుడికి అది తన సొమ్ము కంటికి కనిపించకుండా పోవడం. అందుకే ముందే చెప్పుకోవాలి.

వ్యాపారి తిండి ఖర్చు మరొక చిక్కు. హనఫీల ప్రకారం సొంత ఊరిలో ఉన్నంత కాలం ముజారిబ్ ఖర్చు అతనిదే. వ్యాపారం మీద పొరుగూరు వెళితే ఆనవాయితీ మేరకు తిండి, బస, ప్రయాణం వ్యాపార సొమ్ము నుండి. చెన్నైలో తిన్న భోజనం వ్యాపారానిది, పుంగనూరులో ఇంట్లో తిన్నది అతనిది. ఎంత సూక్ష్మంగా ఆలోచించారో గమనించండి. వ్యాపారం మీద ఇల్లు గడిచింది గనుక అదే గెలుపు అనుకునే వ్యాపారి, తెలియకుండానే పెట్టుబడిదారుడి మూలధనాన్ని తింటూ ఉండవచ్చు.

గడువు విషయంలోనూ పేచీ ఉంటుంది. మామకు కూతురి పెళ్ళి కుదిరింది, సొమ్ము వెంటనే కావాలి. హనఫీ, షాఫయీ, హంబలీ మజ్‌హబులలో ఇద్దరిలో ఎవరైనా ఒప్పందం విరమించవచ్చు. అయితే సరుకు చేతిలో ఉంటే అమ్మి నగదు చేసే అవకాశం వ్యాపారికి ఇవ్వాలి. ఇమామ్ మాలిక్ (రహ్మ) అభిప్రాయంలో పని మొదలయ్యాక సరుకు నగదయ్యేవరకు ఇద్దరూ కట్టుబడి ఉండవలసిందే. టమాటా ఐదారు రోజుల సరుకు గనుక ఇక్కడ పెద్ద ఇబ్బంది రాదు. నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీరలలో సొమ్ము పెట్టినవాడికి మాత్రం ఇది పెద్ద ప్రశ్న. పెళ్ళిళ్ళ కాలం రానిదే చీర నగదు కాదు.

పెట్టుబడిదారుడు వ్యాపారి చేతులు కొంతవరకు కట్టవచ్చు. హజ్రత్ అబ్బాస్ (రజి) తమ సొమ్ము తీసుకున్నవారికి సముద్ర ప్రయాణం చేయరాదనీ, లోయలో దిగరాదనీ, ప్రాణమున్న జంతువులను కొనరాదనీ షరతులు పెట్టేవారని ఒక ఉల్లేఖనం ఉంది. దాని సనదులో బలహీనత ఉన్నదని హదీసువేత్తలు చెప్పినా ఫుఖహాలు దానిని తరచు పేర్కొన్నారు. ఆ షరతులన్నీ ప్రమాదాన్ని తగ్గించేవే. ఒక్కటి కూడా లాభానికి హామీ కోరేది కాదన్నది గమనించదగినది.

మండీ అడ్వాన్సు

ఇంతవరకు చెప్పుకున్నది వ్యాపారి విషయం. రైతు విషయం మరింత కఠినమైనది. పడమటి మండలాలలో చాలామంది టమాటా రైతులకు పెట్టుబడి పెట్టేది మండీ యజమాని. నాట్లకు ముందు అడ్వాన్సు ఇస్తాడు. పంట తన మండీకే రావాలంటాడు. వచ్చిన సరుకు మీద కమీషను పట్టుకుంటాడు. ఇతని గెలుపు ఏది? తన మండీకి ఎన్ని పెట్టెలు వచ్చాయన్నది. కిలో వంద రూపాయలైనా పదైనా సరుకు వస్తే కమీషను వస్తుంది. రైతు గెలుపు ధర మీద ఆధారపడి ఉంది. ధర పడిన ఏడు రైతు కోత కూలి కూడా రాక పంటను చేలోనే వదిలేస్తాడు. అడ్వాన్సు మాత్రం బాకీగా నిలిచే ఉంటుంది.

దైవప్రవక్త (స) కాలంలో మదీనా భూయజమానులు కొందరు కాలువ గట్టున పండే పంట తమకనీ, మిగతాది సాగుచేసినవాడిదనీ ఒప్పందాలు చేసుకునేవారు. ఒక్కొక్కప్పుడు ఈ భాగం పండి ఆ భాగం పోయేది, ఒక్కొక్కప్పుడు అది పండి ఇది పోయేది. దైవప్రవక్త (స) దీనిని నిషేధించారని హజ్రత్ రాఫె బిన్ ఖదీజ్ (రజి) తెలియజేశారు. ఖైబర్ భూములను మాత్రం మొత్తం పంటలో సగం అన్న షరతు మీద ఆయనే సాగుకిచ్చారు. తేడా స్పష్టం: ఒకరికి నీటి గట్టు, మరొకరికి ఎండిన మడి దక్కే ఒప్పందం కూడదు, పండితే ఇద్దరికీ పండాలి, ఎండితే ఇద్దరికీ ఎండాలి.

అడ్వాన్సు అప్పు అయితే, దాని వల్ల అప్పిచ్చినవాడికి షరతుగా లభించే ఏ ప్రయోజనమైనా సూద్ కిందికి వస్తుందన్న ఫిఖ్‌హ్ సూత్రం మండీ నడిపే ముస్లిములకు మింగుడుపడనిదే. మొగమాటం లేకుండా చెప్పుకోవలసిన విషయమిది. దీనికి బదులు బైఎ సలమ్ ఉన్నది: కొలత, తూకం, గడువు నిర్ణయించుకొని మొత్తం ధర ముందే చెల్లించి సరుకు కొనడం. ఫలానా చేని పంటే కావాలని షరతు పెట్టరాదు. ఆ చేను పోవచ్చు. సలమ్‌లో ధర పెరిగితే కొన్నవాడిది అదృష్టం, తగ్గితే అమ్మినవాడిది. అయితే పది నుండి వంద రూపాయల దాకా ఊగే టమాటాలో ఏ ధరకు సలమ్ కుదురుతుంది? రైతూ ఒప్పుకోడు, మండీవాడూ ఒప్పుకోడు. మామిడి గుజ్జుకు, చింతపండుకు ఇది వీలైనంతగా టమాటాకు వీలుకాదనే చెప్పాలి.

మామిడి పూత మీదనే తోటను గుత్తకు కొనే అలవాటు కూడా ఈ ప్రాంతంలో ఉంది. పండు పక్వానికి రాకముందు అమ్మడాన్ని దైవప్రవక్త (స) వారించారు. పంటను దేవుడే ఆపేస్తే సోదరుడి సొమ్ము దేనికి బదులుగా తీసుకున్నట్లవుతుందన్నది ఆ నిషేధంలోని భావం. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని ఏర్పాటు చేయవలసి వచ్చిన ఏడు, గుత్తదారుల నష్టం ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

నెలనెలా లాభం

పెట్టుబడిదారుడి చూపు ఒక్కటే మిగిలి, వ్యాపారి చూపు పూర్తిగా మాయమైతే ఏమవుతుందో బెంగుళూరులో జరిగింది. 2006లో మొదలైన ఐ.ఎం.ఏ. అనే సంస్థ హలాల్ పెట్టుబడి పేరిట వేలాది ముస్లిం కుటుంబాల నుండి సొమ్ము సేకరించింది. కాగితం మీద వారు భాగస్వాములు. చేతికి అందేది మాత్రం నెలనెలా 'లాభం'. 2019 జూన్‌లో సంస్థ మూతపడింది, యజమాని దేశం విడిచి వెళ్ళాడు, తరువాతి నెలలో ఢిల్లీలో అరెస్టయ్యాడు. కొత్తవారి సొమ్ముతో పాతవారికి చెల్లింపులు చేశారన్నది దర్యాప్తు సంస్థల ఆరోపణ.

ఈ వ్యవహారంలో ధనం పెట్టినవారిలో ఎందరు ఏ సరుకు కొంటున్నారు, ఎక్కడ అమ్ముతున్నారు, ఏ నెల నష్టం వచ్చింది అని అడిగి ఉంటారు? ఏ నిజమైన వ్యాపారమైనా ఏళ్ళ తరబడి ఒక్క నెల కూడా తప్పకుండా లాభమివ్వదని టమాటా అమ్మే పిల్లవాడికి కూడా తెలుసు. 'వడ్డీ' అన్న మాట తీసేసి 'లాభం' అన్న మాట పెట్టినంత మాత్రాన నిర్ణీత మొత్తం ధర్మసమ్మతం కాదు. నష్టంలో పాలు పంచుకోవడానికి సిద్ధంగా లేని సొమ్ము ముజారబత్ సొమ్ము కానేరదు. అనుమతి లేని డిపాజిట్ల సేకరణను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2019లోనే చట్టం చేసింది.

కాగితం మీద పెట్టవలసినవి

అప్పు వ్యవహారాలు రాసుకోవాలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఎంతో వివరంగా ఆజ్ఞాపించింది. బంధువుల మధ్య కాగితమెందుకన్న మొగమాటం ఆ ఆజ్ఞకు విరుద్ధం. ఇందులో ఇప్పటి చట్టానికి సంబంధించిన ఒక ప్రమాదం కూడా ఉంది. చాలామందికి ఇది తెలియదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే భాగస్వాములు లాభాన్నీ నష్టాన్నీ సమానంగా పంచుకోవాలి. అంటే నోటిమాటతో ముజారబత్ మొదలుపెట్టిన మేనల్లుడు, షరీఅత్ ప్రకారం తన మీద లేని నష్టంలో సగం కోర్టులో భరించవలసి రావచ్చు. పత్రంలో 'నష్టం మూలధనం మీదనే' అన్న ఒక్క వాక్యం ఉంటే అతనికీ మామకూ మధ్య ఆ ప్రశ్న తలెత్తదు. బయటి బాకీదారుల సంగతి వేరు. వారి ముందు సాధారణ భాగస్వాములు అందరూ బాధ్యులే. 2008 చట్టం కింద పరిమిత బాధ్యత గల భాగస్వామ్యంగా నమోదు చేసుకుంటే ఆ భయమూ చాలావరకు తగ్గుతుంది.

ఆ పత్రంలోనే లెక్క ఎన్ని నెలలకొకసారి తేల్చాలి, అరువు ఎంతవరకు, ప్రయాణ ఖర్చు ఏ మేరకు, మధ్యలో సొమ్ము అడిగితే ఎన్నాళ్ళ గడువు అన్నవి రాసుకోవాలి. లెక్క తేల్చే రోజును జకాత్ లెక్క వేసే రోజుకే పెట్టుకునే వర్తకులున్నారు. ఆ రోజు సరుకును ఆనాటి మార్కెట్టు ధరకు వెల కట్టి, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు పక్కపక్కన రాయవలసి ఉంటుంది. మామ కువైట్‌లో ఉన్నా అల్లుడు పుంగనూరులో ఉన్నా ఆ కాగితం ఇద్దరి దగ్గరా ఒక్కటే ఉంటుంది.